వారానికి ఒక్కరోజే వేసుకోవలసిన మాత్ర

ప్రొద్దుటూరు నుంచి ఒక సోదరి ఇలా రాశారు: "మా అత్తగారికి అరవై రెండేళ్ళు. చేతివేళ్ళ కీళ్ళు వాచిపోయి, పొద్దున లేవగానే పిడికిలి ముడవలేక పోతున్నారు. కర్నూలులో చూపిస్తే రుమటాయిడ్ కీళ్ళవాతం అన్నారు. మెథోట్రెక్సేట్ అనే మాత్ర వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకోమన్నారు. మరొక రోజు ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకోమన్నారు. నొప్పి రోజూ ఉంటే మందు వారానికి ఒక్కసారేమిటని మా అత్తగారి సందేహం. మందుల షాపు అబ్బాయి ఈ రెండు మాత్రలూ ఒకదానికొకటి విరుగుడు అన్నాడు. విరుగుడైతే రెండూ ఎందుకు రాసినట్టు? ఆకుకూరల్లో కూడా ఫోలిక్ యాసిడ్ ఉంటుందట కదా, వాటిని మాన్పించాలా?"

చాలా మంచి ప్రశ్నలు. ఈ మందు వాడేవాళ్ళు మన జిల్లాల్లో వందల మంది ఉంటారు. కీళ్ళవాతానికి, సోరియాసిస్ అనే చర్మవ్యాధికి దీన్ని విరివిగా రాస్తున్నాం. చవకైన మందు, బాగా పనిచేసే మందు. అయితే చిన్న పొరపాటుకు ఇంత పెద్ద శిక్ష వేసే మాత్ర మామూలు మందుల్లో మరొకటి లేదనే చెప్పాలి. అందుచేత ముందుగా మొదటి ప్రశ్నకు జవాబు చెప్పి ఆ తరువాత మిగతా సంగతి మాట్లాడుకుందాం. వారానికి ఒక్కరోజు అంటే ఒక్కరోజే. నొప్పి ఎక్కువగా ఉందని రెండోరోజు వేసుకోకూడదు. "రోజుకొకటి వేసుకుంటే తొందరగా తగ్గుతుంది గదా" అని ఎవరు చెప్పినా వినకూడదు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, నేను కడపలో పనిచేస్తుండగా జమ్మలమడుగు వైపు నుంచి ఒక ముసలామెను మంచం మీద మోసుకొచ్చారు. నోరంతా పూత. పెదవులు పగిలి నెత్తురు. ఒళ్ళు కాలిపోయే జ్వరం. "నాలుగు దినాలాయ సార్, నీళ్ళు గూడ మింగల్యాక పోతాంది" అన్నాడు కొడుకు. ఏ మందులు వాడుతున్నారని అడిగితే జేబులోంచి ఖాళీ అట్ట ఒకటి తీశాడు. చూడగానే విషయం అర్థమైంది.

"అవ్వా, ఈ మాత్ర వారానికి ఎన్ని వేసుకున్నావు?" అన్నాను.

"వారమేంది నాయనా, దినామూ పొద్దున ఒగటి ఏసుకుంటాండా. నొప్పి తగ్గకపోతే రాత్రి గూడ ఇంగొకటి ఏసుకుంటి" అంది.

రక్తపరీక్షలో తెల్లకణాలు వెయ్యికి లోపల ఉన్నాయి. మామూలుగా నాలుగు వేలకు పైన ఉండాలి. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు కూడా పడిపోయాయి. మూడు వారాలు ఆస్పత్రిలో ఉండి అవ్వ బతికి బయటపడింది. అందరికీ ఆ అదృష్టం ఉండదు. ఆ చీటీ ఎవరు రాశారు, మాత్రలు ఎవరు ఇచ్చారు అన్నది ఇక్కడ అప్రస్తుతం. చీటీలో వారానికి ఒకసారి అనే రాసి ఉంది, ఇంగ్లీషులో. చదివి చెప్పినవాళ్ళు లేరు.

ఒక చిన్న మాత్ర నోటిని, నెత్తురును ఇలా ఎలా పాడుచేస్తుంది? ఇది తెలిస్తే విరుగుడు సంగతి, ఆకుకూరల సంగతి దానంతట అదే తెలిసిపోతుంది.

మన శరీరంలో ప్రతి కణంలోనూ అనుక్షణం వేల రసాయనిక చర్యలు జరుగుతుంటాయి. వాటిని జరిపించేవి ఎంజైములు. ఒక్కొక్క ఎంజైముకు ఒక్కొక్క పని. ఎంజైము మీద ఒక గుంట లాంటి చోటు ఉంటుంది. తనకు కావలసిన పదార్థం వచ్చి ఆ గుంటలో సరిగ్గా కూర్చుంటే ఎంజైము దాన్ని మార్చి పంపించేస్తుంది. చోటు ఖాళీ అవుతుంది, మరొకటి వచ్చి కూర్చుంటుంది. ఇలా క్షణక్షణమూ సాగిపోతుంది.

ఇప్పుడు శివరాత్రి ముందురోజు కర్నూలు బస్టాండులో శ్రీశైలం బస్సును తలచుకోండి. బస్సు ఇంకా ఆగనైనా ఆగదు, కిటికీలోంచి సీటు మీద ఒక తువ్వాలు వచ్చి పడుతుంది. తువ్వాలు మనిషి కాదు. టిక్కెట్టు కొనదు, శ్రీశైలం చేరదు. కాని సీటు మాత్రం ఆక్రమించింది. అది ఉన్నంతసేపూ అసలు ప్రయాణికుడు నిలబడవలసిందే. కొన్ని మందులు ఎంజైముల దగ్గర చేసే పని సరిగ్గా ఇదే. అసలు పదార్థం పోలికలతోనే ఉంటాయి, దాని చోట్లో కూర్చుంటాయి, పని మాత్రం జరగనివ్వవు. వైద్యశాస్త్రంలో వీటిని పోటీ నిరోధకాలు అంటారు. చోటు కోసం అసలుతో పోటీ పడతాయి కనుక ఆ పేరు.

ఇందులో గమనించవలసిన సంగతి ఒకటుంది. తువ్వాలు వేసినంత మాత్రాన సీటు పాడైపోలేదు. జనం బాగా తోసుకొస్తే ఎవరో ఒకరు ఆ తువ్వాలు తీసి పక్కన పడేసి కూర్చుంటారు. అలాగే అసలు పదార్థం మోతాదు పెరిగితే నిరోధకం పక్కకు తప్పుకుంటుంది, ఎంజైము మళ్ళీ పూర్తి వేగంతో పనిచేస్తుంది. పోటీ నిరోధకం లక్షణమే అది. మన పల్లెల్లో దౌర్భాగ్యవశాత్తూ తరచుగా చూసే పురుగుల మందు విషం అలాంటిది కాదు. అది సీటు మీద తువ్వాలు వేయడం కాదు, సీటునే విరగ్గొట్టడం. నరాల దగ్గర పనిచేసే ఒక ఎంజైముకు అది అతుక్కుని దాన్ని పనికిరాకుండా చేస్తుంది. అందుకే ఆ చికిత్స అంత కష్టం.

ఈ పోటీ మనకు మేలు చేసే సందర్భాలూ ఉన్నాయి. కల్తీ సారాలో మిథైల్ ఆల్కహాలు ఉంటే కళ్ళు పోతాయని, ప్రాణం పోతుందని అందరికీ తెలుసు. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్ళకురిచ్చిలో 60 మందికి పైగా అలాగే చనిపోయారు. నిజానికి మిథైల్ ఆల్కహాలు స్వయంగా చేసే హాని కొంతే. కాలేయంలోని ఒక ఎంజైము దాన్ని మార్చగా మార్చగా తయారయ్యే ఫార్మిక్ ఆమ్లమే కంటినరాన్ని తినేస్తుంది. ఆస్పత్రిలో ఫోమెపిజోల్ అనే మందు గాని, అది లేనిచోట లెక్క ప్రకారం మామూలు ఇథైల్ ఆల్కహాలు గాని ఇచ్చి ఆ ఎంజైము సీటును ఆక్రమింపజేస్తారు. విషం మారకుండానే మెల్లగా బయటికి పోతుంది. సారా తాగినవాడికి విరుగుడు మళ్ళీ సారాయే అని దీన్ని అర్థం చేసుకుని ఇంట్లో ప్రయోగాలు చేయబోకండి. అది రక్తపరీక్షలు చూసుకుంటూ ఆస్పత్రిలో చేయవలసిన పని.

ఇక మన మాత్ర దగ్గరికి వద్దాం. దీని పుట్టుకలో ఒక తెలుగువాడి చేయి ఉంది. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా వెళ్ళారు. స్ప్రూ అనే జబ్బు ఆయన సోదరుల్ని బలి తీసుకుంది. తిన్నది ఒంటబట్టక, విరేచనాలై, రక్తం క్షీణించి మనిషి ఎండిపోయే జబ్బు అది. లెడర్లీ కంపెనీలో ఆయన నాయకత్వాన పనిచేసిన బృందం 1945 నాటికి ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారు చేసింది. స్ప్రూలో వచ్చే రక్తహీనతకు అది మందయింది. అంతకు ముందే 1931లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ, బొంబాయి మిల్లు కూలీల్లో గర్భిణులకు వచ్చే రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతుందని చూపారు. ఆ సారంలో ఉన్న పదార్థం ఇదే. ఆకుల్లో ఉంటుంది కనుక లాటిన్‌లో ఆకు అనే మాట నుంచి 1941లో దానికి ఫోలిక్ అనే పేరు పెట్టారు. నాలుగు టన్నుల పాలకూర ఉడికించి దాన్ని రవ్వంత సంపాదించారట!

ఫోలిక్ యాసిడ్ లేనిదే కణం రెండుగా చీలలేదు. కొత్త కణానికి కావలసిన డి.ఎన్.ఎ. తయారీకి అది కావాలి. రక్త కేన్సరులో తెల్లకణాలు అదుపు లేకుండా చీలిపోతుంటాయి కదా, మరి వాటికి ఫోలిక్ యాసిడ్ అందకుండా చేస్తే? ఈ ఆలోచన బోస్టన్‌లో పిల్లల డాక్టరు సిడ్నీ ఫార్బర్‌ది. ఫోలిక్ యాసిడ్ పోలికలతో ఉండి, ఒకటి రెండు చోట్ల మాత్రమే తేడాగా ఉండే పదార్థాలను సుబ్బారావుగారి బృందం తయారు చేసి పంపింది. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గింది. అంతవరకూ ఆ జబ్బుకు అలా పనిచేసిన మందే లేదు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు అమెరికాలో కన్నుమూశారు. అమినోప్టెరిన్ తమ్ముడే మెథోట్రెక్సేట్. మేము కర్నూలు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని ఆయన పేరు కనిపించేది. ఆ సుబ్బారావూ ఈ సుబ్బారావూ ఒకరేనని చాలా మందికి తెలిసేది కాదు.

మనం తిన్న ఫోలిక్ యాసిడ్ ఉన్నదున్నట్టుగా పనికిరాదు. ఒక ఎంజైము దాన్ని మార్చి సిద్ధం చేయాలి. మెథోట్రెక్సేట్ ఆ ఎంజైము చోట్లో కూర్చుంటుంది. అందులోనూ తువ్వాలులా కాదు, సీటు మీద కడప నాపరాయి పెట్టినట్టు కూర్చుంటుంది. అసలు ప్రయాణికుడి కంటే వేల రెట్లు గట్టి పట్టు. కణం కూడా దాన్ని బయటికి పోనివ్వక లోపల దాచుకుంటుంది. మాత్ర రక్తంలోంచి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోయినా దాని పని వారం పొడుగునా జరుగుతూనే ఉంటుంది. వారానికి ఒక్కసారి చాలు అనడానికి కారణం ఇదే. ఆ మిగతా రోజుల్లోనే ఎముకల్లోని మూలుగ, నోటి లోపలి పొర, పేగుల పొర తేరుకుంటాయి. ఇవి రోజూ కొత్త కణాలను పుట్టించవలసిన చోట్లు. రోజూ మాత్ర వేసుకుంటే వాటికి ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు. అవ్వకు నోటిపూత, తెల్లకణాలు పడిపోవడం అలా వచ్చినవే.

మరి విరుగుడు సంగతి? షాపు అబ్బాయి మాట సగం నిజం. కీళ్ళవాతంలో ఈ మందు పనిచేసేది కేవలం ఆ ఒక్క ఎంజైమును ఆపి కాదు. ఇంకొన్ని దారుల్లో కూడా వాపును అణుస్తుంది. అందువల్ల వారానికి 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే నోటిపూత, వాంతి, కాలేయం దెబ్బతినడం వంటి బాధలు తగ్గుతాయి గాని కీళ్ళకు కలిగే మేలు పెద్దగా తగ్గదు. రెండూ రాసింది తెలిసే రాశారు. ఆకుకూరలు కూడా మానవలసిన పనిలేదు. తోటకూర పప్పు, చింతచిగురు, శనగలు, మా వైపు బుడ్డలు అని పిలిచే వేరుశనగ కాయలు, అన్నీ తినవచ్చు. వాటిలో ఉండే ఫోలిక్ యాసిడ్ వల్ల మందు చెడిపోదు. కూర ఉడికించిన నీళ్ళు పారబోస్తే అందులో సగం పోతుందన్నది మాత్రం గుర్తుంచుకోండి.

కాని పొరపాటున ఎక్కువ మాత్రలు వేసుకున్నప్పుడు ఇంట్లో ఉన్న ఫోలిక్ యాసిడ్ నాలుగు మింగితే సరిపోతుందనుకోవడం ప్రమాదం. నాపరాయి పెట్టిన సీటు దగ్గరికి మరో నలుగురు ప్రయాణికుల్ని పంపితే ఏమి లాభం? అప్పుడు ఇవ్వవలసింది ఫోలినిక్ యాసిడ్. దాన్నే ల్యూకోవోరిన్ అంటారు. ఒక్క అక్షరం తేడాగా వినిపిస్తుంది గాని అది ఆ ఎంజైముతో పని లేకుండానే సిద్ధమైన రూపంలో ఉంటుంది. ఆ బస్సే ఎక్కనక్కరలేదు. ఎంత తొందరగా ఇస్తే అంత మంచిది. కనుక పొరపాటు జరిగిందని తెలిసిన వెంటనే, నోరు పూసేదాకా ఆగకుండా, మాత్రల అట్ట చేతపట్టుకుని పెద్దాస్పత్రికి రండి. అవ్వ కొడుకు ఆ ఖాళీ అట్ట తేవడం మాకు సగం పని తగ్గించింది.

ఇంకొక సంగతి చాలామంది డాక్టర్లు కూడా తొందరలో మరచిపోయేది ఉంది. మూత్రంలో మంటకో, దగ్గుకో సెప్ట్రాన్ వంటి మాత్రలు వాడటం మన ఇళ్ళల్లో పాత అలవాటు. అందులో రెండు మందులుంటాయి. రెండూ పోటీ నిరోధకాలే. సూక్ష్మజీవులు ఫోలిక్ యాసిడ్‌ను తామే తయారు చేసుకుంటాయి. సల్ఫా మందు ఆ తయారీకి అడ్డు కూర్చుంటుంది. మనం తయారు చేసుకోము, తిండిలోంచి తెచ్చుకుంటాము కనుక ఆ దెబ్బ మనకు తగలదు. కాని రెండో మందు ట్రైమెథోప్రిమ్ సరిగ్గా మెథోట్రెక్సేట్ కూర్చునే ఎంజైము జాతి మీదే పనిచేస్తుంది. సూక్ష్మజీవి ఎంజైము మీద దానికి మక్కువ ఎక్కువ, మనదాని మీద బహు తక్కువ. అందుకే మామూలువాళ్ళకు హాని లేదు. మెథోట్రెక్సేట్ వాడేవాళ్ళు దాన్ని కలిపి వేసుకుంటే మాత్రం మూలుగ ఒక్కసారిగా చచ్చుబడవచ్చు. ఏ జబ్బుకు ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, పంటి డాక్టరైనా సరే, "నేను వారానికొకసారి మెథోట్రెక్సేట్ వాడుతున్నాను" అన్న మాట ముందుగా చెప్పాలి.

ఈ మందు ఎక్కువగా బయటికి పోయేది మూత్రపిండాల ద్వారా. మన కర్నూలు, నంద్యాల ఎండలు తెలిసినవే. ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళు చాలక ఒళ్ళు ఎండిపోయినా, వాంతులు విరేచనాలు పట్టుకున్నా మందు ఒంట్లో నిలిచిపోతుంది. అలాంటప్పుడు ఆ వారం మాత్ర ఆపి డాక్టరును అడగండి. నొప్పికి షాపులో అడిగి తెచ్చుకునే బిళ్ళలు కూడా మూత్రపిండాలను కుంటుపరుస్తాయి. డాక్టరు చెప్పి ఇచ్చినవి వేరు, మీరు కొనుక్కున్నవి వేరు. తాగుడు అలవాటున్నవారు ఈ మందు మొదలుపెట్టక ముందే ఆ మాట దాచకుండా చెప్పాలి. కాలేయానికి రెండు దెబ్బలు ఒకేసారి తగలకూడదు.

గర్భిణులు ఈ మందు ముట్టకూడదు. పాలిచ్చే తల్లులూ అంతే. కడుపులో బిడ్డ అవయవాలు తయారయ్యేదే కణాలు చీలడం వల్ల. ఆ పని ఆగితే గర్భం పోవచ్చు, లేదా బిడ్డ అవకరంతో పుట్టవచ్చు. పెళ్ళయిన ఆడపిల్లలకు ఈ మందు రాస్తే పిల్లలు పుట్టకుండా జాగ్రత్త తీసుకోవాలి. బిడ్డ కావాలనుకుంటే కనీసం మూడు నెలల ముందే డాక్టరుతో మాట్లాడి ఆపుకోవాలి. చర్మం మీద సోరియాసిస్ పొలుసులు పోతే చాలునని అత్తవారికి తెలియకుండా మాత్రలు తెచ్చుకుని వేసుకునే పిల్లల్ని నేను చూశాను. అమ్మా, దాచవలసిన జబ్బు కాదది. దాచకూడని మందు ఇది.

మందు మొదలుపెట్టిన కొత్తలో రెండు నుంచి నాలుగు వారాలకొకసారి, కుదుటపడిన తరువాత రెండు మూడు నెలలకొకసారి రక్తపరీక్ష చేయించాలి. కణాల లెక్క, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు. సర్కారు ఆస్పత్రిలో ఇవి ఉచితం. "నొప్పి తగ్గింది గదా, పరీక్షలెందుకు" అనకండి. నొప్పి తగ్గడానికి కూడా ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. అంతవరకు ఓపిక పట్టాలి.

ఇంట్లో చేయవలసినవి కొన్ని. వేసుకోవలసిన రోజు ఏదో ఒకటి నిర్ణయించుకుని, అట్ట మీద బాల్‌పెన్నుతో తెలుగులో పూర్తిగా "గురువారం మాత్రమే" అని రాయండి. ఇంగ్లీషులో పొట్టిగా రాస్తే మండే అన్నది మార్నింగ్ అని చదివే ప్రమాదం ఉంది. చదువురాని పెద్దవాళ్ళయితే కొడుకో కోడలో ఆరోజు తామే చేతికివ్వాలి. ఫోలిక్ యాసిడ్, ఈ మాత్ర రెండూ తరచుగా చిన్నవిగా, పసుపుపచ్చగా ఒకేలా ఉంటాయి. రెండింటినీ ఒకే డబ్బాలో పెట్టవద్దు. బి.పి., షుగరు మాత్రలతో అసలే కలపవద్దు. 2.5, 5, 7.5, 10 మిల్లీగ్రాముల మాత్రలు వేరువేరుగా దొరుకుతాయి. షాపువాడు ఈసారి 2.5 బదులు 10 ఇచ్చి, మీరు అలవాటుగా మూడు వేసుకుంటే ఎంత అవుతుందో లెక్క చూసుకోండి. కొన్నప్పుడల్లా అట్ట మీద అంకె చదవండి. ఒక నెలకు మించి కొని నిలవ చేయకండి.

నోట్లో పూత, గొంతునొప్పితో జ్వరం, చర్మం మీద నల్లని మచ్చలు, చిగుళ్ళలో నెత్తురు, కళ్ళు పచ్చబడటం, వీటిలో ఏది కనిపించినా తరువాతి మాత్ర వేసుకోకుండా అదేరోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పొడిదగ్గు, ఆయాసం కొత్తగా మొదలైనా అంతే. అవి సరైన మోతాదులో వాడేవారికి కూడా అరుదుగా రావచ్చు.

ఎప్పుడైనా గురువారం మరచిపోతే శుక్రవారం గాని శనివారం గాని వేసుకోవచ్చు. అంతకంటే ఆలస్యమైతే ఆ వారం వదిలేసి మళ్ళీ గురువారం మామూలు మాత్రే వేసుకోవాలి. మరచిన వారానిది కూడా కలిపి రెట్టింపు వేసుకోకూడదు. ఒక వారం మందు తప్పితే కీళ్ళు కాస్త నొప్పి పుడతాయి, అంతే.